మొగులయ్య కిన్నెర, నంజియమ్మ పాట: ముసలి గొంతులు తిరిగొచ్చిన చరిత్ర



పోస్టు జర పెద్దగుంది. ఒక్కసారి కాకపోతే రెండుసార్ల చదవండి గానీ మధ్యల ఇడిసిపెట్టకండి. ఇది సినిమా ముచ్చటలెక్క మొదలైతది, కానీ ఆఖరికి మన తండా, మన గూడెం ముచ్చటే.

'భీమ్లా నాయక్' పాట మన చందూర్, వర్ని, బోధన్ దిక్కు ఎన్ని పెండ్లిల్ల, ఎన్ని పండుగలల్ల డీజేల మోగిందో లెక్కలేదు. నాయక్ అంటే తండా పెద్ద. పేరు మనది కాబట్టి మనోళ్లకు ఆ పాట మీద ఇంకింత ప్రేమ. అయితే ఆ పాట మొదట్ల, దరువు గట్టిగ పడకముందే, ఒక ముసలాయన గొంతు వస్తది. హీరో ఏ తండాల పుట్టిండు, తండ్రి ఎవరు, తాత ఎవరు అని వరుసగ చెప్తది. డీజే కాడ ఎగిరేటోళ్లు ఆ ముక్కను ముందుకు జరిపి దరువు కాడికి పోతరు. ఈ పోస్టు మాత్రం ఆ ముక్క గురించే.

ఆ గొంతు దర్శనం మొగులయ్యది. 2021 సెప్టెంబర్ 2న పాట విడుదలైన దినం నుంచి టీవీలు, పేపర్లు "మరుగున పడ్డ కళాకారుడు తిరిగొచ్చిండు" అని రాసినయి. తిరిగొచ్చిండు అంటే అంతకుముందు యాడికి పోయిండు? పాడుడు బంద్ చేసిండా? చెయ్యలేదు. ఊరూరు తిరిగి పాడుతనే ఉన్నడు. వినేటోళ్లే దూరం పోయిన్రు. ఈ ఒక్క మాటను పట్టుకొని కొంచెం చరిత్ర చూద్దాం.

వంశం చెప్పే గొంతులు

మన దిక్కు కులాలకు, తెగలకు చరిత్ర రాసిన పుస్తకాలు ఉండేవి కావు. చరిత్ర చెప్పేటోళ్లు ఉండేవాళ్లు. ఒక్కో సమాజానికి ఒక్కో పాటగాళ్ల గుంపు. మాదిగలకు డక్కలి వాళ్లు. జాంబపురాణం చెప్పేది, వంశాలు లెక్క పెట్టేది, కిన్నెర మీటేది వాళ్లే. కోయలకు డోలి వాళ్లు. పడిగెలని గుడ్డ మీద బొమ్మల జెండాలుంటయి, ఆ బొమ్మలు చూసుకుంట డోలు కొట్టి ఇలవేల్పుల కథ పాడుతరు. గోండులకు పర్ధాన్లు, తోటి వాళ్లు. చేతుల కిక్రి పట్టుకొని పెర్సపేన్ కథలు పాడుతరు. మన లంబాడీలకు భాట్లు, డాడీలు. రాథోడ్, పవార్, చౌహాన్, జాదవ్ పాడలల్ల ఏ ఇంటికి ఏ మూలపురుషుడో నోటితోని చెప్పేది వాళ్లే.

అంటే 'భీమ్లా నాయక్' పాట మొదట్ల మొగులయ్య పాడింది సినిమావాళ్లు కొత్తగ కనిపెట్టిన పద్ధతి కాదు. మాటలు రామజోగయ్య శాస్త్రివి, సంగీతం తమన్‌ది. కానీ పుట్టిన చోటు, తండ్రి, తాత అని వరుస పెట్టి ఒక మనిషిని నిలబెట్టే తీరు మాత్రం డక్కలి వాళ్లది, డోలి వాళ్లది, తోటి వాళ్లది, భాట్లది. ఒక లంబాడీ పేరున్న హీరోకు ఒక డక్కలి పాటగాడు వంశం చెప్పిండు. మన తండాలల్ల భాట్ వచ్చి చేసే పనే అది.

ఈ నోటి చరిత్ర ఉట్టి ముచ్చట అనుకోవద్దు. మొగలుల కాలంల దక్కన్‌కు ఫౌజు వచ్చినప్పుడు దాని వెంబడి ధాన్యం మోసుకొచ్చిన భంగి, జంగి నాయకుల ఎడ్ల బిడారుల కథ మన దగ్గర నోటిమాటగనే బతికింది. వాళ్లకు 1,80,000 ఎడ్లు ఉండేవని చెప్పేవాళ్లు. ఇంగ్లీషు దొరలు తర్వాత కాగితం మీద పెట్టిన్రు. 1920ల సయ్యద్ సిరాజ్ ఉల్ హసన్ నిజాం రాజ్యంల కులాలు, తెగల మీద పెద్ద పుస్తకం తెచ్చిండు. ఆదిలాబాద్‌ల కొమురం భీమ్ 1940ల అమరుడైన తర్వాత నిజాం సర్కారు పిలిస్తే వచ్చిన హైమెన్‌డార్ఫ్, 1948ల రాజ్‌గోండుల మీద పుస్తకం అచ్చేసిండు. అందుల ఉన్న పురాణాలల్ల చానా మటుకు పర్ధాన్ల నోటి నుంచి విన్నయే. పుస్తకం మీద పేరు ప్రొఫెసర్‌ది. పాడిన నోళ్ల పేర్లు మనల ఎంతమందికి తెలుసు?

అప్పుడు మొదలైన ఈ ప్రశ్న ఇప్పటిదాక ఒడువలేదు. పాట పైకొస్తది, పాడినోని పేరు కిందనే ఉండిపోతది.

పన్నెండు మెట్లు

మొగులయ్యది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంట. నల్లమల అంచు. కిన్నెర చూడనోళ్లకు చెప్తున్న: ఒక పొడుగాటి వెదురు, దానికి కింద ఎండిన సొరకాయ బుర్రలు, పైన తీగలు, తీగల కింద వేలు పెట్టి నొక్కటానికి మైనంతోని నిలబెట్టిన మెట్లు. బుర్రలు మోతను పెంచుతయి, మెట్లు స్వరాన్ని మారుస్తయి. వీణ బొమ్మ చూసినప్పుడు అది రాజుల ఇంటి వాయిద్యం అనిపిస్తది కదా, కిన్నెర దానికి ఊరి బయట ఉండే అక్కలాంటిది.

ఇది కొత్త వాయిద్యం కాదు. 13వ శతాబ్దంల పాల్కురికి సోమనాథుడు రాసిన బసవపురాణంల కిన్నర బ్రహ్మయ్య అనే భక్తుని కథ ఉన్నది, ఆయన పేరే కిన్నెర మీద పడ్డది. అప్పటి నుంచి ఇప్పటిదాక ఈ వాయిద్యాన్ని ఏ రాజు కాపాడలే, ఏ సంగీత కళాశాల కాపాడలే. అడుక్కొని తినే పాటగాళ్లు కాపాడిన్రు.

మొగులయ్య తండ్రితాతలు ఏడు మెట్ల కిన్నెర వాయించిన్రు. ఆయన పన్నెండు మెట్లది చేసుకున్నడు. పాత పాటను పట్టుకొని ఉన్నోళ్లు మారరు, కొత్తది చెయ్యరు అని మనం అనుకుంటం గదా, అది తప్పని ఇక్కడనే తెలుస్తది. మెట్లు పెరిగితే స్వరాలు పెరుగుతయి, పాత కథ కొత్త తీరుగ వస్తది. ఆయన పాడే కథలల్ల పేరుపడ్డది పండుగ సాయన్న కథ. పాలమూరు దిక్కు దొరల కాడ దోచి బీదలకు పంచిండని జనం చెప్పుకునే వీరుడు. ఆ కథ ఒక్కడు రాసింది కాదు. పాడినోడు పాడినోడు ఒక మాట కలిపి, ఒక మాట తీసేసి, విన్న ఊరిని బట్టి పెంచి తగ్గించి ఇన్నేండ్లు తెచ్చిన్రు. మొగులయ్య దాన్ని పన్నెండు మెట్ల మీద పెట్టిండు.

రాష్ట్రం వచ్చినంక సర్కారు ఆయన్ను గుర్తించింది. ఎనిమిదో తరగతి సాంఘిక శాస్త్రం పుస్తకంల ఆయన కళ మీద పాఠం వచ్చింది. మనల చానామంది ఆ పుస్తకం చదివినోళ్లమే. పరీక్ష రాసి మర్చిపోయినం. తర్వాత 2021ల సినిమా పాట. 2022 జనవరిల పద్మశ్రీ. అదే నెలల ముఖ్యమంత్రి కోటి రూపాయలు, ఇంటి జాగా ప్రకటించిండు. ఫిబ్రవరి 25న సినిమా వచ్చింది. ఆరు నెలలల్ల ఒక మనిషి జీవితం ఇట్ల తిరిగింది.

2024 మే నెలల ఇంకో వీడియో అందరి ఫోన్లకు వచ్చింది. హైదరాబాద్ పక్కన తుర్కయాంజాల్‌ల ఇల్లు కడుతుంటే అక్కడ కూలిపని చేస్తున్న మొగులయ్య తాత. పద్మశ్రీ వచ్చినంక రెండేండ్లకు. నెలకు వచ్చే పది వేల పింఛను ఆగిపోయిందని, ప్రకటించిన జాగా తేలలేదని, వచ్చిన పైసలు ఇంటి ఖర్చులకు, పిల్లల పెండ్లిళ్లకు అయిపోయినయని అప్పుడు వార్తలల్ల వచ్చింది. వీడియో చూసి పెద్ద పెద్దోళ్లు స్పందించిన్రు, సాయం చేస్తమన్నరు. మంచిదే. కానీ ఒక్కటి ఆలోచించండి. పాట యూట్యూబ్‌ల నడుస్తనే ఉన్నది, డీజేల మోగుతనే ఉన్నది. పాట ఎప్పుడూ కూలికి పోలేదు. పాడినాయన పోయిండు.

అదే సినిమా, ఇంకో అడవి

'భీమ్లా నాయక్' సినిమాకు మూలం మలయాళం సినిమా 'అయ్యప్పనుం కోషియుం'. 2020 ఫిబ్రవరిల వచ్చింది. డైరెక్టర్ సచీ. ఆ సినిమా కథ నడిచేది పాలక్కాడ్ జిల్లా అట్టప్పాడి అడవుల. ఆ సినిమాల కూడా మొదటి పాట పాడింది ఒక ఆదివాసీ. పేరు నంజియమ్మ. ఇరుల తెగ.

నంజియమ్మ సంగీతం బడికి పోలేదు. పశువులు, మేకలు కాసుకుంట, పొలం పని చేసుకుంట తన భాషల పాడుకునేది. అట్టప్పాడిల పళనిస్వామి అనే ఇరుల కళాకారుడు నడిపే ఆజాద్ కళాసంఘంల పాడేది. సచీ కొత్త పాట రాయించలే, సినిమా పాటగత్తెను పిలిపించలే. ఆమె పాటనే, ఆమె ఇరుల మాటలతోనే తీసుకున్నడు. సంగీతం జేక్స్ బిజాయ్ కట్టిండు. పాట రాసినోళ్ల పేరు కాడ నంజియమ్మ పేరే పెట్టిన్రు. ఇది గుర్తుపెట్టుకోండి, మళ్లా ఈ ముచ్చటకు వస్త.

2022 జులైల 68వ జాతీయ సినిమా అవార్డులు ప్రకటించినప్పుడు ఉత్తమ గాయని నంజియమ్మ. సచీ గారికి ఉత్తమ దర్శకుడు వచ్చింది గానీ ఆయన 2020 జూన్‌లనే చనిపోయిండు, చూడలేకపోయిండు. సెప్టెంబర్ 30న ఢిల్లీల అవార్డు ఇచ్చింది రాష్ట్రపతి ద్రౌపది ముర్ము. ఒక సంతాలీ ఆడబిడ్డ చేతి నుంచి ఒక ఇరుల ఆడబిడ్డ చేతికి జాతీయ అవార్డు పోయింది. ఆ ఫోటో మన హాస్టల్ గోడల మీద ఉండాల్సిన ఫోటో.

అవార్డు వచ్చినంక ఒక సంగీతకారుడు, శ్రుతి పట్టుకొని పాడటం రాని మనిషికి ఈ అవార్డు ఎట్ల ఇస్తరు, సంగీతానికే బతుకు ఇచ్చినోళ్లను అవమానించినట్టు కాదా అన్నడు. కేరళల ఎంతోమంది గాయకులు ఆమె పక్కన నిలబడ్డరు. ఈ మాట మనకు కొత్తది కాదు. మన యాడీలు, దాదీలు పాడితే "అది పాట కాదు, ఏడుపు" అన్నోళ్లను మనం చూసినం. శ్రుతి అంటే హార్మోనియం చెప్పిందే శ్రుతా? మేక వెనుక నడుచుకుంట కొండకు వినపడేటట్టు పాడేటోళ్ల గొంతుకు ఇంకో లెక్క ఉంటది. ఆ లెక్క వేరేటోళ్లకు రాకపోవచ్చు, అట్లని లెక్కే లేదు అనొద్దు.

ఇంకో ముచ్చట కూడా చెప్పాలె. నంజియమ్మ తన భర్త వంశానికి చెందిన భూమి చేతులు మారిందని చానా ఏండ్ల నుంచి కొట్లాడుతోంది. జాతీయ అవార్డు ఇంటికొచ్చింది, భూమి కొట్లాట మాత్రం ఒడువలే.

కూనవరం డోలు

2022 పద్మశ్రీ జాబితాల మొగులయ్యతోపాటు మన తెలంగాణ నుంచి ఇంకో పాటగాడు ఉన్నడు. సకిని రామచంద్రయ్య. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా మణుగూరు మండలం కూనవరం. కోయ డోలి కళాకారుడు. సమ్మక్క సారలమ్మల కథ మేడారం జాతరల మైకుల ఎన్ని తీర్ల వింటమో మనకు తెలుసు. రామచంద్రయ్య తాత దాన్ని డోలు మీద, కోయ భాషల, తెలుగుల, పడిగె మీది బొమ్మల వరుసల చెప్పేవాడు. పగిడిద్దరాజు, గిరికామరాజు లాంటి వీరుల కథలు ఆయన నోట్లె ఉండేవి. ప్రొఫెసర్ జయధీర్ తిరుమలరావు లాంటోళ్లు ఏండ్ల తరబడి ఇసొంటి వాయిద్యాలు, పడిగెలు, కథలు సేకరించి 'ఆద్యకళ' పేరు మీద చూపెట్టబట్టి ఈ పేర్లు కొంతన్న బయటికొచ్చినయి.

రామచంద్రయ్యను సినిమా పిలువలేదు. అందుకే డీజేల ఆయన గొంతు లేదు. పద్మశ్రీ వచ్చిన్నాడు ఫోటోలు వచ్చినయి, తర్వాత ఆగినయి. 2024 జూన్ 23న ఆయన కన్నుమూసిండు. మొగులయ్య కూలిపని వీడియో వచ్చిన నెలన్నరకు ఈ వార్త. ఒక పాటగాడు పోతే ఒక మనిషి పోయినట్టు కాదు. రాసి పెట్టని కథ ఎంతున్నదో అంత ఆయనతోని మట్టిల కలుస్తది.

డెట్రాయిట్‌ల ఒక పాటగత్తె

ఇప్పుడు కొంచెం దూరం పోదాం, ఎందుకంటే ఈ లెక్క మన దగ్గరనే కాదు. అమెరికాల నల్లజాతి వాళ్లకు 'సోల్' అనే పాట తీరు ఉన్నది. సోల్ అంటే ఆత్మ. చర్చిల పాడే భక్తిపాట, పత్తి చేన్లల్ల కష్టజీవులు పాడిన దుఃఖపు పాట, ఈ రెండూ కలిసి 1950లు, 60లల్ల రికార్డుల మీదికి వచ్చిన సంగీతం అది.

బెట్టీ లవెట్ 1946ల పుట్టింది, డెట్రాయిట్‌ల పెరిగింది. 1962ల 16 ఏండ్ల వయసుల మొదటి రికార్డు. అది మంచిగనే ఆడింది. తర్వాత 1972ల పెద్ద కంపెనీ కోసం ఒక పూర్తి ఆల్బమ్ పాడింది. కంపెనీ దాన్ని విడుదల చెయ్యకుండ మూలకు పడేసింది. ఆమె పాడుడు ఆపలే. చిన్న చిన్న క్లబ్బుల, నాటకాలల్ల పాడుకుంట బతికింది. మూలకు పడ్డ ఆ ఆల్బమ్ 2000ల, అంటే 28 ఏండ్లకు, ఫ్రాన్స్‌ల ఒక అభిమాని బయట పెడితే లోకం విన్నది.

ఆ తర్వాత ఆమె చేసిన పని మనకు పనికొస్తది. ఆమె పాటలు రాసే మనిషి కాదు, వేరేటోళ్ల పాటను తీసుకొని తన పాట చేసే మనిషి. 2005ల అంతా ఆడవాళ్లే రాసిన పాటలతోని ఒక ఆల్బమ్. 2010ల ఇంగ్లండు రాక్ బ్యాండ్ల పాటలతోని ఒకటి. నల్లోళ్ల పాట విని ఎదిగిన తెల్ల పిల్లల పాటలు అవి, వాటిని ఒక నల్ల ముసలామె వెనక్కి తీసుకొని తన గొంతుల పెట్టింది. 2018ల బాబ్ డిలాన్ పాటలు. 2020ల తనకంటే ముందు నల్ల ఆడవాళ్లు పాడిన పాటలు. దరువు నిదానం చేస్తది, మాట మారుస్తది, మగోని మాటను ఆడదాని మాట చేస్తది. రాసినోడు విన్నా గుర్తుపట్టలేనంత మారుతది. 2009 జనవరిల ఒబామా ప్రమాణ స్వీకారానికి ముందు లింకన్ స్మారకం కాడ లక్షల మంది ముందల పాడినోళ్లల్ల ఆమె ఉన్నది. అప్పటికి ఆమెకు అరవై మూడు నిండబోతున్నయి.

పేపర్లు ఆమె గురించి కూడా "తిరిగొచ్చింది" అనే రాసినయి. నలభై ఏండ్లు ఆగకుండ పాడిన మనిషిని!

తిరిగి పాడుడు అంటే ఏంది

ఈ నలుగురిని పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటగ కనపడతది.

పాత పాటను కొత్తగ పాడుడు తప్పు కాదు. పాట బతికేదే అట్ల. ఏడు మెట్లు పన్నెండు అయినప్పుడు కిన్నెర చావలే, పెరిగింది. ఇరుల పాటకు సినిమా సంగీతం కలిసినప్పుడు పాట పాడుకాలే. మన తండాలల్ల కూడా అంతే. హోలీకి పాడే లేంగి పాటలల్ల ఎడ్లు, ఉప్పు బస్తాలు పోయి బస్సు, దుబాయి వచ్చి చేరుతయి. తీజ్ పాటల కొత్త కోడలు పేరు ప్రతి ఏడు మారుతది. మనోళ్లు పాటను దేవుని విగ్రహం లెక్క దాచి పెట్టలే, ఎద్దు లెక్క నడిపించిన్రు.

మరి తేడా ఎక్కడ? పాట మారినప్పుడు పాడే మనిషి దాని లోపల ఉన్నడా, బయట ఉన్నడా అన్న కాడ. బెట్టీ లవెట్ వేరేటోళ్ల పాట పాడినా ఆల్బమ్ మీద ఆమె పేరే ఉంటది, ఏ పాట పాడాలె, ఎట్ల పాడాలె అన్న మాట ఆమెదే. నంజియమ్మ పేరు రాసినోళ్ల కాడ, పాడినోళ్ల కాడ రెండు చోట్ల ఉన్నది, భాష ఆమెదే. మొగులయ్యకు వచ్చింది పాట మొదట్ల కొన్ని సెకన్ల జాగా. ఆ సెకన్లతోనే ఆయన పేరు దేశమంతా తెలిసింది, కాదనను. నిర్మాతలు ఇచ్చిన పైసలు, హీరో పవన్ కల్యాణ్ తన ట్రస్టు నుంచి ఇచ్చిన 2 లక్షలు కూడా కాదనను. కానీ అవి ఒక్కసారి ఇచ్చే కానుకలు. కానుక ఇచ్చేటోని మనసు మీద నడుస్తది. హక్కు అట్ల కాదు.

ఇంకో ఉదాహరణ. 'ఆర్ఆర్ఆర్'ల కొమురం భీమ్ మీద పాటకు 69వ జాతీయ అవార్డులల్ల ఉత్తమ గాయకుడు అవార్డు వచ్చింది. సుద్దాల అశోక్ తేజ రాసిండు, కాలభైరవ పాడిండు. పాట మంచిగున్నది, నేను కూడా చానాసార్లు విన్న. కానీ అది భీమ్ గురించిన పాట, భీమ్ జనం పాట కాదు. కిక్రి పట్టుకున్న తోటి పాటగాని గొంతు ఆ సినిమాకు కూడా అక్కర రాలేదు. మన గురించి పాట రావటం వేరు, మన పాట రావటం వేరు.

చట్టం మన దిక్కే ఉన్నది

హక్కు అన్న గదా, అది ఉట్టి నినాదం కాదు. లా చదివే తమ్ముళ్లు జర ఇది పట్టుకోండి. మన కాపీరైట్ చట్టం 1957ది. 1994ల దాన్ని మార్చి ప్రదర్శన ఇచ్చేటోళ్లకు ప్రత్యేక హక్కు ఇచ్చిన్రు. పాత పాట ఎవ్వరిదీ కాకపోవచ్చు, రాసినోడు తెలియకపోవచ్చు. కానీ దాన్ని ఇయ్యాల పాడిన మనిషికి తన పాడుడు మీద 50 ఏండ్ల హక్కు ఉంటది. ఆ మనిషిని అడగకుండ రికార్డు చేసి అమ్ముకోవద్దు. 2012ల ఇంకో సవరణ వచ్చింది. పాడినోని పేరు చెప్పాలె, వ్యాపారానికి వాడితే రాయల్టీల వాటా ఇయ్యాలె అని.

ఈ చట్టంల ప్రదర్శకుడు అంటే ఎవరో చెప్పిన కాడ గాయకుడు, నాట్యగాడుతోపాటు గారడీవాడు, పాములోడు కూడా ఉన్నరు. అంటే చదువు, సర్టిఫికెట్ అడగలే చట్టం. మన దాదీ తీజ్ కాడ పాడినా, డోలి తాత జాతరల పాడినా వాళ్లు చట్టం లెక్కన కళాకారులే. మనకే ఆ సంగతి తెల్వదు. ఎవడో కెమెరా పట్టుకొని వస్తడు, అమ్మలతోని నాలుగు పాటలు పాడించుకుంటడు, చీర పెట్టి ఫోటో దిగి పోతడు. రెండు నెలలకు అదే పాట రీమిక్స్ అయి మన ఫోన్‌లకే వస్తది, మనమే షేర్ చేస్తం.

మన చందూర్ దిక్కు

ఇగ మన సంగతి. మన ఇలాకా చరిత్ర అంటే ఏం చెప్తరు? 1931ల నిజాంసాగర్ కట్టిన్రు, మంజీర నీళ్లు కాలువలల్ల వచ్చినయి. 1937ల బోధన్ శక్కర్‌నగర్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ మొదలైంది, ఆసియాలనే పెద్దదని పేరు. కాలువ కింద భూములకు కోస్తా నుంచి రైతులు వచ్చిన్రు, క్యాంపులు లేచినయి. చెరుకు, వరి. 2015 డిసెంబర్‌ల ఫ్యాక్టరీ మూత పడ్డది. ఇదంతా కాగితాలల్ల ఉన్నది, ఏ గైడ్ కొన్నా దొరుకుతది.

చెరుకు కొట్టిన చేతులు, బండ్లు తోలిన మనుషులు, అడవి అంచు తండాల నుంచి పనికి పోయిన ఆడవాళ్లు ఏం పాడుకున్నరు? ఎడ్ల బిడారు ఆగిపోయి, రైలు వచ్చి, ఉప్పు వ్యాపారం పోయి, కూలికి దిగిన్నాడు మన తాతల పాటల ఏం మారింది? ఇది ఏ గైడ్‌ల లేదు. మనం కూడా రాసి పెట్టుకోలే. తండాలల్ల 70, 80 ఏండ్ల ముసలవ్వలు ఇంకా ఉన్నరు. పెండ్లిపిల్ల పుట్టింటిని ఇడిసేటప్పుడు ఒక్కొక్కరి మెడ పట్టుకొని పాడే ఢావ్లో వాళ్లకు పూర్తిగ వస్తది. ఇప్పటి పెండ్లిల్ల ఢావ్లో జాగల డీజే పాట పెడుతున్నం. పెండ్లిపిల్లకు ఢావ్లో రాదు, నేర్పమని ఎవ్వరూ అడగలే. భాట్ వచ్చేది తక్కువైంది. వచ్చినా మనం ఫోన్ చూసుకుంట కూసుంటం, ఆయన మన వంశం చెప్పుకుంట పోతడు.

1976ల మనకు ఎస్టీ హోదా వచ్చింది, దాంతోని హాస్టల్ వచ్చింది, చదువు వచ్చింది, ఈ పోస్టు రాసే ధైర్యం వచ్చింది. ఆ చదువుతోని మన ముసలోళ్ల గొంతును కాగితం మీద పెట్టకపోతే ఆ పని ఇంకెవరో చేస్తరు, వాళ్ల పేరుతోని చేస్తరు.

ఏం చెయ్యొచ్చు

పెద్ద సభలు, సన్మానాలు అక్కర్లే. మన చేతుల ఉన్నయి చెప్తున్న.

ఒకటి. వచ్చే పండుగకు ఇంటికి పోయినప్పుడు ఒక్క అవ్వను, ఒక్క తాతను కూసోబెట్టి ఒక్క పాట పూర్తిగ రికార్డు చెయ్యండి. ముందుగాల అడగండి. వద్దంటే వద్దు.

రెండు. రికార్డు మొదట్లనే పాడేటోళ్ల పేరు, తండా పేరు, తారీఖు, ఏ పాడ, ఈ పాట ఎవరి కాడ నేర్చుకున్నరు అని వాళ్ల నోటితోనే చెప్పించండి. మొగులయ్య హీరోకు వంశం చెప్పినట్టు, పాటకు కూడా వంశం చెప్పాలె.

మూడు. గోర్ బోలిల, గోండిల, కోయల మాటలను తెలుగు లిపిల రాయండి. అర్థం కాని మాట కింద అర్థం రాయండి. ఆ మాటను మార్చకండి.

నాలుగు. రీమిక్స్ చేసే తమ్ముళ్లు చెయ్యండి, మంచిగ చెయ్యండి. కానీ పాడిన అవ్వ పేరు ముందు పెట్టండి, పైసలు వస్తే వాటా ఇయ్యండి. చిన్న కాగితం మీద రాసుకోండి. సినిమావాళ్లను అడిగే ముందు మనం మన ఇంట్ల చెయ్యాలె.

ఐదు. లంబాడీ, గోండు, కోయ, తోటి, నాయకపోడు, ఎరుకల అని మన మధ్యల ఎన్ని పంచాయితీలున్నా, ఈ పని కాడ కలిసి చేద్దాం. మన హీరో పేరుకు వంశం చెప్పింది ఒక డక్కలి తాత. ఇరుల అవ్వ గెలిస్తే మనం సంబురపడ్డం.

మొగులయ్య తాత ఇంకా పాడుతున్నడు, నంజియమ్మ పాడుతున్నది. రామచంద్రయ్య తాత పాట వినాలంటే ఇగ రికార్డులే దిక్కు. మీ తండాల, మీ గూడెంల పాత పాట వచ్చినోళ్లు ఎవరున్నరో కింద రాయండి. ఊరు రాయండి, ఏ పాటలు వస్తయో రాయండి. వాళ్లు ఒప్పుకుంటేనే పేరు రాయండి. వచ్చే నెల మన దిక్కు నుంచి నలుగురైదుగురం కలిసి మొదటి తండాకు పోదాం అనుకుంటున్నం, వచ్చేటోళ్లు చెప్పండి.

జై సేవాలాల్. జోహార్.